చట్టం మీద చర్చ: వేదిక ఎవరిది, గొంతు ఎవరిది?

లా కాలేజీలు తమ సభామందిరాల తలుపులు తెరిచి, వర్తమాన చట్ట సమస్యల మీద బహిరంగ చర్చాగోష్ఠులు జరపటం ఈ కాలంలో ఒక ఆనవాయితీ అయింది. కొత్త చట్టం వస్తే ఒక గోష్ఠి, సుప్రీంకోర్టు పెద్ద తీర్పు చెబితే ఒక గోష్ఠి. సాహిత్య పత్రికలో దీన్ని గురించి రాయటమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నా దృష్టిలో చర్చాగోష్ఠి కూడా ఒక ప్రక్రియే. దానికి వస్తువుంది, రూపముంది, చెప్పేవాడున్నాడు, వినేవాడున్నాడు. ఒక కథనో నాటకాన్నో చేతిలోకి తీసుకున్నప్పుడు ఏ వస్తువు ఎంచుకున్నారు, ఎవరి నోట పలికించారు, ఎవరిని ఉద్దేశించారు, ఏ భాషలో పలికించారు అని అడుగుతాం. అవే ప్రశ్నలు గోష్ఠినీ అడగవచ్చు. పైగా కథ బాగుండకపోతే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. చట్టం బాగుండకపోతే మూసి పక్కన పెట్టే వీల్లేదు.

మాటలు గాలిలో తేలిపోకుండా ఒక్క ఉదాహరణను పట్టుకుందాం. 2024 జూలై 1కి ముందూ వెనకా దేశంలో బహుశా మరే అంశం మీదా జరగనన్ని గోష్ఠులు న్యాయకళాశాలల్లో మూడు కొత్త నేర చట్టాల మీద జరిగాయి. 1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత, భారతీయ సాక్ష్య అధినియం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. బిల్లులు మొదట 2023 ఆగస్టు 11న పార్లమెంటు ముందుకొచ్చాయి. స్థాయీ సంఘం చూసిన తరువాత వాటిని వెనక్కి తీసుకుని డిసెంబరు 12న సవరించినవి పెట్టారు. 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో గట్టెక్కాయి. 25న రాష్ట్రపతి సంతకమైంది. ఉభయ సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయిన సమావేశాలు అవే. అంటే, చర్చ జరగవలసిన చోట ఎన్నో కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు చట్టం తయారైంది. తయారైన తరువాత చర్చ కాలేజీ హాళ్ళకు వచ్చింది. వండటం అయిపోయాక ఉప్పు సరిపోయిందా అని అడగటం వంటిదిది. అయినా అడగాలి. అసలు అడగకుండా తినటం కంటే అది మేలు.

ఈ చట్టాల్లో 106వ సెక్షన్‌ను తీసుకోండి. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే పాత శిక్షాస్మృతి 304-ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. కొత్త సంహితలో అది అయిదేళ్ళయింది. వైద్యుడు వైద్యం చేస్తుండగా జరిగితే మాత్రం రెండేళ్ళే. ఈ మినహాయింపు ఎలా వచ్చింది? వైద్యుల సంఘం విన్నవించుకుంది, విన్నారు, డిసెంబరులో సవరించారు. ఆ సంగతి హోంమంత్రి లోక్‌సభలోనే చెప్పారు. మంచిదే. వైద్యుడిని హంతకుడిలా చూడకూడదనే వాదనలో న్యాయముంది.

అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో డ్రైవరున్నాడు. నిర్లక్ష్యంగా వాహనం నడిపి ప్రాణం తీసి, వెంటనే పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష. ప్రాణం పోయిన కుటుంబం పక్షాన నిలబడి చూస్తే ఇందులోనూ న్యాయముంది. రోడ్డు మీద మనిషిని వదిలేసి పోవటాన్ని ఎవరూ సమర్థించరు. కాని లారీ డ్రైవరు ఎందుకు పారిపోతాడు? ఆగితే జనం చేతిలో చస్తానని పారిపోతాడు. హైవే మీద అర్ధరాత్రి, పరాయి రాష్ట్రంలో, భాష రాని ఊళ్ళో బండి ఆపి దిగినవాడి గతేమిటో తెలియంది కాదు. ఆ సంగతి చట్టం రాసినవాళ్ళకు చెప్పడానికి వాడికి వైద్యుల సంఘం వంటిది, ఢిల్లీలో తలుపు తట్టగలిగినది, సమయానికి లేకపోయింది. కనుక వాడు తనకు తెలిసిన ఒక్క భాషలో మాట్లాడాడు. బండి ఆపేశాడు. 2024 జనవరి 1, 2 తేదీల్లో దేశమంతటా లారీలు, ట్యాంకర్లు నిలిచిపోయాయి. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. 2వ తేదీ రాత్రికే ప్రభుత్వం రవాణాదారుల సంఘాన్ని పిలిచి, సంప్రదించకుండా ఆ నిబంధన అమలు చేయబోమంది. ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్ చట్టాలన్నిటికీ జూలై 1 ముహూర్తం పెట్టి, 106లోని ఆ రెండో ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన ఉంచింది.

నన్నడిగితే, ఈ మూడు చట్టాల మీద దేశంలో జరిగిన అతి ముఖ్యమైన బహిరంగ చర్చాగోష్ఠి అదే. అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు, వందన సమర్పణ లేదు. ఫలితం మాత్రం ఉంది. మరి ఆ తరువాత హాళ్ళలో జరిగిన గోష్ఠుల్లో 106(2) గురించి మాట్లాడటానికి వేదిక మీదికి ఒక్క డ్రైవరునైనా పిలిచారా? నేను వెళ్ళిన వాటిలో, పత్రికల్లో చదివిన వాటిలో ఆ పేరు గల కుర్చీ కనిపించలేదు. న్యాయమూర్తి ఉంటారు, సీనియర్ న్యాయవాది ఉంటారు, ఆచార్యుడుంటారు, పోలీసు అధికారి తప్పకుండా ఉంటారు. చట్టాన్ని ప్రయోగించేవాళ్ళంతా ఉంటారు. చట్టం ఎవరి మీద ప్రయోగమవుతుందో వాళ్ళు మాత్రం వాక్యంలో కర్మగానే మిగిలిపోతారు, కర్త కారు. వ్యాకరణం చెప్పే పంతులుగా ఈ మాట అంటున్నాను.

ఇక రూపం సంగతి. గోష్ఠి పది గంటలకని అచ్చు వేస్తారు, పదకొండుకు దీపం వెలుగుతుంది. ముఖ్య అతిథి వచ్చిందాకా ఆగటం, వచ్చాక పరిచయం, పరిచయంలో డిగ్రీల జాబితా. నలుగురు వక్తలుంటే మొదటి ఇద్దరు మూడొంతుల కాలం తినేస్తారు. చివరి వక్త, చాలాసార్లు అందరిలోకి చిన్నవాళ్ళు, బాగా సిద్ధపడి వచ్చినవాళ్ళు, ఆకలి వేళ మిగిలిన అయిదు నిమిషాల్లో పరుగెత్తాలి. ప్రశ్నలకు పది నిమిషాలు. వచ్చినవాళ్ళలో అధిక భాగం హాజరు సర్టిఫికెట్ కోసం కూర్చున్న విద్యార్థులు. ఈ నాటకంలో శ్రోతకు పాత్ర లేదు. వాడు తెర వెనుక కొట్టే చప్పట్ల శబ్దం మాత్రమే.

ఒక పట్టణంలో ఒక లా కాలేజీ జరిపిన ఇటువంటి సభలో చివరి వరసలో కూర్చున్నాను. కాలేజీ పేరు అనవసరం, ఏ కాలేజీ అయినా అంతే. అప్పటిదాకా ఇంగ్లీషులో సాగిన సభలో ప్రశ్నల వేళ ఒక మహిళా సంఘం కార్యకర్త లేచి తెలుగులో అడిగింది: “మేం కాగితం పట్టుకుని స్టేషన్‌కు పోతాం. రాసుకోం పొమ్మంటారు. ఈ కొత్త చట్టంలో దానికేం రాశారండీ?” ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నింటిలో అది మేలైన ప్రశ్న. అధ్యక్షస్థానంలో ఉన్నాయన, “టైమయిపోయిందమ్మా, టీ దగ్గర మాట్లాడుకుందాం” అన్నారు. మర్యాదగానే అన్నారు. టీ దగ్గర ఆయన చుట్టూ విద్యార్థులు ఫొటోల కోసం మూగారు. ఆమె కాసేపు నిలబడి బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు లేకపోలేదు. సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అంటున్నది దీన్నే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్.పి.కి రాసి పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక్కడిదాకా ఆమెకు అనుకూలం. అదే సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో మెలిక ఉంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, డి.ఎస్.పి. అనుమతితో, ప్రాథమికంగా కేసు ఉందో లేదో చూడటానికి స్టేషన్ అధికారి పద్నాలుగు రోజుల్లో విచారణ జరపవచ్చు. విచారణార్హమైన నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్.ఐ.ఆర్. రాసితీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రాథమిక విచారణకు కొన్ని రకాల కేసులనే మినహాయించింది. ఇప్పుడా మినహాయింపు శిక్షాకాలాన్ని బట్టి ఒక పెద్ద తరగతి నేరాలకు పాకింది. “రాసుకోం పొమ్మంటారు” అన్న ఆమె మాటకూ ఈ ఉపసెక్షన్‌కూ ఉన్న సంబంధమే ఆనాటి సభకు అసలు వస్తువు కావలసింది. వస్తువు తనంతట తాను లేచి నిలబడి మాట్లాడితే, సభ టీకి వెళ్ళిపోయింది.

మరొక ముఖ్యమైన మార్పు పోలీసు కస్టడీ గురించినది. పాత చట్టం కింద రిమాండు మొదలైన మొదటి పదిహేను రోజుల్లోనే పోలీసు కస్టడీ అయిపోవాలని 1992లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొత్త 187వ సెక్షన్ కింద ఆ పదిహేను రోజుల్ని, నేరాన్ని బట్టి, మొదటి నలభై లేక అరవై రోజుల్లో ఎప్పుడైనా విడతలుగా అడగవచ్చు. జైలుకు వెళ్ళాక ఇక స్టేషన్‌కు తిరిగి తీసుకుపోరు అని ముద్దాయి తల్లికి ఉన్న కొద్దిపాటి ధైర్యం ఈ ఒక్క వాక్యంతో పోయింది. దీన్ని గోష్ఠుల్లో చర్చించలేదనను. చర్చించారు, కొందరు యువ అధ్యాపకులు చాలా నిశితంగా చర్చించారు. కాని ఆ తల్లికి అర్థమయ్యే భాషలో కాదు.

భాష దగ్గరికి వచ్చాం గనక కొంచెం ఆగుతాను. చట్టం సాంకేతిక విషయం, దాన్ని తెలుగులో చెప్పలేం అనేవారున్నారు. ఇది అబద్ధం. కోర్టు భాష తెలుగువాడికి కొత్త కాదు. దావా, వకాల్తా, వాయిదా, జామీను, జప్తు, ముద్దాయి, ఫిర్యాదు ఒకవైపు నుంచి, బెయిలు, రిమాండు, సమన్లు, స్టే మరొకవైపు నుంచి వచ్చి మన పల్లెల్లో కాపురం పెట్టి తరాలయింది. అంతెందుకు, సెక్షన్ నంబర్లు కూడా తెలుగు మాటలైపోయాయి. మోసగాడిని ‘ఫోర్ ట్వంటీ’ అంటాం. ‘144 పెట్టారు’ అంటే చదువు రానివాడు కూడా గుంపుగా నిలబడడు. ‘మూడొందల రెండు కేసు’ అంటే చాలు, వివరించనక్కర్లేదు. కొత్త సంహితలో మోసం 318 అయింది, హత్య 103 అయింది, ఆ 144 సురక్షా సంహితలో 163 అయింది. నూటయాభై ఏళ్ళుగా జనం తమకు తాముగా కట్టుకున్న నిఘంటువును ఒక్క రాత్రిలో రద్దు చేసి, కొత్త నిఘంటువు ఇచ్చే పూచీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

పేర్ల సంగతి మరీ విచిత్రం. వలసపాలన అవశేషాలు తొలగించటానికి ఇంగ్లీషు పేర్లు తీసి దేశీయమైన పేర్లు పెట్టామన్నారు. ఏ దేశీయానికి? ‘నాగరిక్’ అంటే హిందీలో పౌరుడు. తెలుగులో నాగరికుడంటే సంస్కారం, మర్యాద తెలిసినవాడు; అనాగరికుడికి వ్యతిరేకపదం. ‘నాగరిక సురక్షా సంహిత’ అని తెలుగు లిపిలో చూసిన పల్లెటూరి మనిషి, ఇది పట్నవాసపు పెద్దమనుషుల రక్షణ కోసం కాబోలు, మనది కాదు అనుకుంటే తప్పెవరిది? (తప్పు అర్థమైనా, ఒక్కోసారి అదే సరైన అర్థమేమో అనిపిస్తుంది.) ‘అధినియం’ తెలుగు మాటే కాదు, మనది చట్టం. ‘సంహిత’ మనకు చరకుడి పక్కన, వేదం పక్కన కూర్చునే మాట. వెనుకటి ‘శిక్షాస్మృతి’ మాత్రం తక్కువ తిన్నదా అంటే, అదీ అంతే; కోడ్‌ను స్మృతిగా అనువదించినవాడు తెలిసో తెలియకో మనువును కోర్టు గుమ్మంలో కూర్చోబెట్టాడు. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాడిన నేల మీద చట్టం పేరు ఇప్పటికీ గ్రాంథికం కంటే దూరపు భాషలో పలుకుతోంది.

రాజ్యాంగం 348వ అధికరణం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషంటున్నది నిజమే. కాని అది కోర్టులకు. కాలేజీ గోష్ఠికి ఏ అధికరణమూ అడ్డు రాదు. పైగా కోర్టే కొంత కదిలింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తీర్పును తెలుగులో వెలువరించింది. సుప్రీంకోర్టు తన తీర్పులు కొన్నింటిని తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదింపజేస్తున్నది. న్యాయమూర్తులు సాహసించిన పని ఆచార్యులు సాహసించకపోవటం వింతగా లేదూ?

ఇక్కడ మన మిత్రులతోనూ ఒక పేచీ ఉంది. “ఈ గోష్ఠులన్నీ పైవర్గాల కాలక్షేపం, చట్టమే పాలకులదైనప్పుడు దాని మీద చర్చేమిటి” అని తేల్చేసేవారు మనలో కొందరున్నారు. వారితో నేను ఏకీభవించను. 1978 మార్చిలో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులు జరిపిన అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం, జనం తిరగబడటం మన తరం పిల్లలుగా విన్న కథ. కమిషన్ పోలీసులను తప్పు పట్టింది. కేసు రాయచూరుకు పోయి, వాళ్ళు నిర్దోషులుగా బయటికి వచ్చారు. అదే ఏడాది మహారాష్ట్రకు చెందిన మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. ఆ బాలిక ఒంటి మీద గాయాలు లేవు గనక అంగీకరించినట్టేనన్న ధోరణిలో తర్కించింది. మరుసటి ఏడాది, 1979 సెప్టెంబరులో, నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవటం వేరు, అంగీకరించటం వేరు అని ఆ లేఖ కోర్టుకే పాఠం చెప్పింది. దాన్ని స్త్రీల సంఘాలు అందుకున్నాయి, వీధుల్లోకి తెచ్చాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది, కొన్ని కేసుల్లో అంగీకారం లేదన్న స్త్రీ మాటను కోర్టు ముందుగా నమ్మాలన్న నియమం సాక్ష్య చట్టంలోకి వచ్చింది.

తరగతి గదిలోని పాండిత్యం వీధిలోని కోపంతో చేయి కలిపితే ఏమవుతుందో అక్కడ చూశాం. లేఖ లేకపోతే ఆ కోపానికి వాదన దొరికేది కాదు. వీధి లేకపోతే లేఖ గ్రంథాలయంలో ఉండిపోయేది. కనుక లా కాలేజీ చర్చ అనవసరం అనే మాట చరిత్ర తెలియని మాట. మనం కొట్లాడవలసింది ఆ చర్చ వద్దని కాదు, అది నిజంగా బహిరంగం కావాలని.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కూడా లా కాలేజీ నుంచే వచ్చింది. నేర చట్టాల సంస్కరణకు 2020 మేలో కేంద్ర హోంశాఖ ఒక కమిటీని వేసి, దాన్ని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉంచింది. దానికి సారథ్యం వహించిన ఉపకులపతి అంతకుముందు మన హైదరాబాదు నల్సార్‌కు తొలి ఉపకులపతి. దేశమంతా కరోనాతో తలుపులు మూసుకున్న వేళ ప్రశ్నావళులు ఇంటర్నెట్‌లో, ఇంగ్లీషులో పెట్టి ప్రజల అభిప్రాయం అడిగారు. తొలి సభ్యుల్లో ఒక్క స్త్రీ లేదు. న్యాయవాదులు, మాజీ న్యాయమూర్తులు, అధ్యాపకులు చాలామంది దీని మీద నిరసన తెలిపారు. 1979లో న్యాయ అధ్యాపకుడు బయట నిలబడి కోర్టును ప్రశ్నించాడు, 2020లో లోపల కూర్చుని ప్రభుత్వానికి ప్రశ్నావళి తయారుచేశాడు. లోపల కూర్చోవటమే నేరమని నేననను. కాని అక్కడ కూర్చున్నవాడు బయటివాళ్ళ మాట వినడానికి మరింత బాధ్యుడు. ఆ తరువాత 2024లో, చట్టాలు అమలయ్యే ముందు, యూజీసీ కూడా విద్యాసంస్థలను వాటి ప్రచారానికి పూనుకోమంది. అపోహలు ఇవీ, వాస్తవాలు ఇవీ అని చెప్పమంది. ఆ కాలంలో జరిగిన గోష్ఠుల్లో చర్చ ఏదో, ప్రచారం ఏదో విడదీసి చూడటం విమర్శకుడి పని. ఆహ్వానపత్రం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పేరులోనే ‘నవశకం’, ‘చారిత్రక సంస్కరణ’ ఉంటే చర్చ ముందే ముగిసిందన్నమాట.

చట్టాన్ని జనం భాషలో చర్చకు పెట్టటం తెలుగువాళ్ళకు చేతకాని పని కాదు. ‘కన్యాశుల్కం’లో గురజాడ చేసిందేమిటి? అగ్నిహోత్రావధాన్లు దావాల పిచ్చి, రామప్పంతులు దొంగ కాగితాలు, కోర్టు పక్షుల బేరాలు, వీటన్నిటి మధ్య చట్టం మీద నమ్మకంతో సౌజన్యారావు. అంత సమగ్రమైన చర్చాగోష్ఠి మరొకటి లేదు. అందులో మధురవాణికి అందరికంటే ఎక్కువ చట్టం తెలుసు. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. మద్యనిషేధ చట్టం కింద కోర్టుకొచ్చే బీదజనాన్ని రోజూ చూసి ‘ఆరు సారా కథలు’ రాశాడు. వాటిలో ‘మాయ’ చదివినవాళ్ళకు తెలుసు, చదువుకున్న కుర్ర ప్లీడరుకు న్యాయవ్యవస్థ అంటే ఏమిటో పాఠం చెప్పేది ముద్దాయి ముత్యాలమ్మ. గురుస్థానంలో ముద్దాయి, విద్యార్థి స్థానంలో ప్లీడరు! ఒక్క లా కాలేజీ అయినా తన వేదికను ఇలా అమర్చిందా? బీనాదేవి పేరుతో రాసిన దంపతుల్లో ఒకరు జిల్లా న్యాయమూర్తి. న్యాయస్థానం లోపలి నుంచి వచ్చిన గొంతు అది.

కథల్లోనే కాదు. బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం రాశారు. పేరు చూడండి. అందులో సంహిత లేదు, స్మృతి లేదు. జనం అడిగే ప్రశ్ననే సగంలో ఆపి పేరుగా పెట్టారు. చేతికి సంకెళ్ళు పడినవాడికి పనికొచ్చే న్యాయశాస్త్రం అది. లెక్కల మేష్టారుగా జీవితం ప్రారంభించి వకీలుగా మారిన బాలగోపాల్ భూమి చట్టాల గురించి, ఎన్‌కౌంటర్ల గురించి సంవత్సరాల తరబడి తెలుగులో రాశారు, తెలుగులో మాట్లాడారు. ఆయన అభిప్రాయాలతో మనలో చాలామందికి తగాదా ఉండవచ్చు. చట్టం తెలుగులో చెప్పలేం అనేవాళ్ళు మాత్రం ఆయన వ్యాసం ఒక్కటి చదివి ఆ మాట అనాలి.

చుండూరును కూడా తలచుకోవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. దళితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఆ ఊరికే రప్పించుకున్నారు. సాక్షి పట్నానికి పోయి బెదిరిపోయే బదులు, కోర్టు ఊరికి వచ్చి సాక్షిని వినటం మామూలు సంగతి కాదు. 2007లో ఆ కోర్టు పలువురికి శిక్ష వేసింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి, ఒకే సాక్ష్యం ఊళ్ళో ఒకలాగా రాజధానిలో మరొకలాగా ఎందుకు వినపడింది అని చర్చిస్తే, ఒక లా కాలేజీకి ఒక విద్యాసంవత్సరం సరిపోదు. ఆ చర్చ చుండూరులోనే జరిగితే, వేదిక మీద సాక్షులే కూర్చుంటే!

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని అనేవారికి చట్టమే జవాబు. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం విశ్వవిద్యాలయాల్లో, లా కాలేజీల్లో న్యాయసహాయ కేంద్రాలను ప్రోత్సహించమంటున్నది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ప్రతి లా కాలేజీకీ న్యాయసహాయ కేంద్రం ఉండాలంటున్నాయి. ఉన్నచోట ఆ కేంద్రం గదికీ సెమినార్ హాలుకూ మధ్య ఒక వరండా ఉంటుంది. ఆ గదికి వచ్చే మనిషిని వరండా దాటించి హాలులోకి తీసుకురావటానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ప్రశ్నలకు సగం కాలం ఇవ్వటానికి ఏ అనుమతీ అక్కర్లేదు. శాలువాల ఖర్చుతో ఆ రోజు చర్చను పదహారు పేజీల తెలుగు చిన్నపుస్తకంగా అచ్చు వేసి బస్‌స్టాండులో అమ్మవచ్చు. తెలుగు మీడియంలో చదివి లా కాలేజీకి వచ్చి, ఇంగ్లీషు గోష్ఠిలో నోరు మెదపని విద్యార్థులు ఎందరో ఉన్నారు. నా దగ్గర పదో తరగతి చదివినవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు వాళ్ళ నోటికి పని దొరుకుతుంది.

రచయితల సంగతి కూడా అడగక తప్పదు. లా కాలేజీ డ్రైవరును పిలవలేదని ఇంతసేపు దెప్పాను. మన కథకులు పిలిచారా? 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో దేశాన్ని ఆపిన ఆ లారీ డ్రైవరు మీద నాకు కనిపించిన తెలుగు కథలు వేళ్ళ మీద లెక్క పెట్టేందుకు కూడా రావు. మోటు సంపాదకీయాలొచ్చాయి, బంకుల దగ్గర బారుల ఫొటోలొచ్చాయి. రావిశాస్త్రి ఉంటే ముత్యాలమ్మ పక్కన ఒక క్లీనరు కుర్రాడు వచ్చి నిలబడి ఉండేవాడు. మనం తెలంగాణ, కోస్తా, రాయసీమ జీవితాల గురించి రాస్తున్నాం, కులం గురించి, స్త్రీ గురించి రాస్తున్నాం. కాని ఆ జీవితాలు కోర్టు మెట్లెక్కే చోటు దగ్గర మన కథ ఆగిపోతోంది. వాయిదాల గురించి, రిమాండు గదుల గురించి తెలియకపోవటం ఒక కారణం. తెలుసుకోవటానికి లా కాలేజీ గోష్ఠి మంచి చోటే. మనం వెళ్ళి చివరి వరసలో కాకుండా ముందు వరసలో కూర్చోవాలి, తెలుగులో అడగాలి, టీ దగ్గర మాట్లాడుకుందామంటే ఇక్కడే మాట్లాడండి అనాలి.

106లోని ఆ రెండో ఉపసెక్షన్‌కు 2024 జూలై 1న అమలు తేదీ పెట్టలేదే గాని, దాన్ని పుస్తకంలోంచి కొట్టివేయలేదు. ఏనాడైనా ఆ తేదీ ప్రకటించేముందు రవాణాదారులను సంప్రదిస్తామన్నారు. రవాణాదారులంటే లారీల యజమానులు. స్టీరింగు పట్టుకునేవాడినీ, రోడ్డు మీద పోయిన మనిషి తాలూకు వాళ్ళనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, తెలుగులో ఆ సెక్షన్ చదివి వినిపించి, పారిపోకుండా ఆగే డ్రైవరుకు ఏ రక్షణ రాసి ఉందో చూపించమని అడిగే పని ఆ లోగా ఏ కాలేజీ అయినా చేయవచ్చు. హాలు దొరకకపోతే లారీ స్టాండు ఉంది.